పాత బోల్టు రూట్‌ను ఫోటో తీయడం ఎలా: మన గ్రానైట్ గుట్టల మీద

భువనగిరి నుంచి, నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి అందరూ అడిగేది ఒకటే. "గుట్ట మీద ఎప్పటివో పాత బోల్టులున్నాయి. ఫోటో తీస్తే ఉత్త బండే కనబడుతోంది. ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. రూట్ అంటే క్లైంబర్లు బండ ఎక్కే దారి. బోల్టు అంటే ఎక్కేవాళ్లు జారితే తాడు ఆపేలా బండలో రంధ్రం చేసి దిగ్గొట్టిన ఇనుప మేకు.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. తొలినాళ్ల రూట్లలో బోల్టులు తక్కువ. కింది నుంచి ఎక్కుతూ, కాలు నిలిచిన చోట ఆగి, సుత్తితో డ్రిల్లు మీద కొడుతూ రంధ్రం చేసేవాళ్లు. గట్టి గ్రానైట్‌లో ఒక్క రంధ్రానికి అరగంట పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే తప్పనిసరైన చోటే బోల్టు పడేది, రెండు బోల్టుల మధ్య బండ ఖాళీగా మిగిలేది. ఆ ఖాళీ ఎంతో తెలియని ఫోటో ఆ రూట్ గురించి ఏమీ చెప్పదు. కాబట్టి మనం తీయాల్సింది రెండు: బోల్టులు, వాటి మధ్య దూరం.

ఇదంతా ఎందుకంటే, బోల్టులు శాశ్వతం కావు. దక్షిణ అమెరికాలో సెర్రో టోర్రే శిఖరం మీద 1970లో కంప్రెసర్ డ్రిల్లుతో కొట్టిన బోల్టుల వరసలో వందకు పైగా 2012 జనవరిలో ఇద్దరు క్లైంబర్లు ఒకే దఫాలో తీసేశారు. మన దగ్గర అంత గొడవ జరగనక్కర్లేదు. నాలుగు వానాకాలాలు తుప్పు పట్టినా, ఎవరో మంచి ఉద్దేశంతోనే కొత్త బోల్టులు వేసి పాతవి కోసేసినా, ఆ రూట్ మొదట ఎలా ఉండేదో చెప్పడానికి ఫోటో ఒక్కటే మిగులుతుంది.

కావలసినవి

- కెమెరా. 24 మెగాపిక్సెల్ ఉంటే చాలు. లేదంటే 3 రెట్ల టెలి లెన్స్ ఉన్న ఫోన్.
- 40 నుంచి 60 మిల్లీమీటర్లు వచ్చే మామూలు జూమ్ లెన్స్, రూట్ మొత్తం ఫోటోకు.
- 70 నుంచి 200 మిల్లీమీటర్ల వరకు వెళ్లే జూమ్ లెన్స్. కొనక్కర్లేదు. హైదరాబాద్‌లో రోజు అద్దెకు ఇస్తారు.
- ట్రైపాడ్. లేకపోతే బియ్యమో ఇసుకో నింపిన చిన్న సంచి.
- బైనాక్యులర్. ఇది ఉంటే సగం పని తేలికవుతుంది.
- ఫోన్‌లో దిక్సూచి.
- దర్జీ టేపు ముక్క ఒకటి, నోటు పుస్తకం, పెన్సిల్.
- తాడు మీద వేలాడి తీయాలంటే మీ సొంత స్టాటిక్ రోప్ (సాగని తాడు), హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీలు), హెల్మెట్, అంచుల దగ్గర తాడు కింద వేయడానికి మందపాటి గుడ్డ. వీటిని వాడటం ముందే నేర్చుకుని ఉండాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు.
- నీళ్లు. మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా.

1. ముందు అనుమతి, తర్వాత కెమెరా

భువనగిరి ఖిల్లా లాంటి కోట గుట్ట అయితే గేటు దగ్గరే అడగండి. ఫోటోకు ఏమీ అనకపోవచ్చు, తాళ్లు, ట్రైపాడ్ చూస్తే ఆపుతారు. ఏం చేయబోతున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే మాట తొందరగా తెగుతుంది. అమ్రాబాద్ వైపు గుట్టలైతే అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఊరి గుట్టల మీద చాలాచోట్ల గుడి ఉంటుంది. పూజారిని, చుట్టుపక్కల చేను ఉన్న రైతును పలకరించండి. మీరు ఎక్కడ నిలబడి తీయాలో చివరికి ఆ రైతు గట్టే నిర్ణయిస్తుంది.

డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 డ్రోన్ నిబంధనలు చూసుకోండి. 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి. నా మాట అడిగితే ఈ పనికి డ్రోన్ వద్దంటాను. కారణం తేనెటీగలు, కింద చెప్తాను.

2. రూట్ ఎక్కడుందో కళ్లతో పట్టుకోండి

కెమెరా తీయకముందు బైనాక్యులర్‌తో గంటసేపు చూడండి. ఆ రూట్ ఎక్కినవాళ్లు దొరికితే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎక్కడ మొదలు, ఎన్ని బోల్టులు, పైన దేనికి తాడు కట్టేవాళ్లు, ఇవన్నీ నోటు పుస్తకంలో చేత్తో బొమ్మ గీసి రాసుకోండి.

బోల్టు నేరుగా కనబడకపోతే దాని గుర్తులు వెతకండి. బోల్టు కింద సన్నగా ఎర్రటి తుప్పు చార కారి ఉంటుంది. లేత బూడిద రంగు బండ మీద అది బోల్టు కంటే ముందు కంటపడుతుంది. వాన నీళ్లు కారి నల్లబడ్డ చారల్లో మాత్రం తుప్పు కనబడదు, బోల్టు అక్కడే దాక్కుంటుంది. ఆ నల్ల చారలను రెండుసార్లు వెతకండి. హ్యాంగర్ (మేకుకు బిగించి, తాడు తగిలించే ఇనుప చెవి) పోయి ఉత్త మేకు మిగిలినవీ, మేకు కూడా విరిగి రంధ్రం మిగిలినవీ ఉంటాయి. వాటినీ లెక్కలో వేయండి.

చూస్తున్నప్పుడే తేనెతుట్టెలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. మన గుట్టల్లో బండ ముందుకు వంగిన చోట, నీడ పట్టున, పెద్ద తేనెటీగలు తుట్టెలు పెడతాయి. రూట్‌కు దగ్గర్లో బతికున్న తుట్టె కనబడితే ఆ రోజు తాడు పని మానుకోండి, దూరం నుంచి తీసుకుని వచ్చేయండి. పొగ పెట్టొద్దు, అత్తరు పూసుకోవద్దు, డ్రోన్ దగ్గరికి పంపొద్దు. ఆ ఈగలు రేగితే కింద నిలబడ్డవాళ్లు పరిగెత్తగలరు. తాడు మీద ఉన్నవాళ్లు ఎటూ పోలేరు.

3. వెలుతురు: ఫోటో ఇక్కడే తేలుతుంది

బోల్టు ఫోటోలో కనబడకపోవడానికి తొంభై శాతం కారణం లెన్స్ కాదు, ఎండ. సూర్యుడు మీ వెనక ఉండి బండ మీద నేరుగా పడితే నీడలుండవు. హ్యాంగర్ ఇనుప ముక్క. బండ నుంచి రెండు మూడు సెంటీమీటర్లు బయటకు ఉంటుంది, అంతే. దూరం నుంచి కనబడేది ఆ ముక్క కాదు, దాని నీడ. నీడ పొడుగ్గా పడాలంటే ఎండ బండను రాసుకుంటూ ఏటవాలుగా రావాలి. గ్రానైట్ గరుకు, పెచ్చులు లేచిన అంచులు, కాలు పెట్టే చిన్న గుంటలు కూడా అప్పుడే తేలుతాయి.

అలాంటి ఎండకు రోజులో రెండు అవకాశాలు: సూర్యుడు ఆ బండ మీదికి వచ్చిన మొదటి అరగంట, బండను వదిలిపోయే ముందు ఆఖరి అరగంట. ఈ రెండింటిలో మీ గుట్టకు ఏది కుదురుతుందో దిక్సూచితో చూసుకోండి.

తూర్పు ముఖం: పొద్దున్నే ఎండ నేరుగా కొడుతుంది, అందంగా ఉంటుంది, బోల్టులు కనబడవు. పదకొండు గంటల ప్రాంతంలో ఎండ పైనుంచి జారుతున్నప్పుడు తీయండి. బండ బాగా వాలుగా ఉంటే ఇంకో గంట ఆగాలి.

పడమటి ముఖం: దీనికి తిరగేసి. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య ఎండ పైనుంచి బండ మీదికి దిగే సమయం. సాయంత్రం బంగారు ఎండ మనిషి ఫోటోకు మంచిది, రూట్ ఫోటోకు కాదు.

దక్షిణ ముఖం: డిసెంబరు, జనవరి బాగుంటాయి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. తెల్లవారిన మొదటి గంట ఎండ బండను పక్క నుంచి రాస్తూ పోతుంది. అదే నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, వాలు బండ మీద నేరుగా పడతాడు. ఆ సమయం వద్దు.

ఉత్తర ముఖం: దీని గురించే ఎక్కువమంది అడుగుతారు. "ఎప్పుడూ నీడే కదా, తీయలేం" అంటారు. తీయొచ్చు. నల్గొండ, మహబూబ్‌నగర్ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే 8 ప్రాంతం నుంచి ఆగస్టు 5 ప్రాంతం దాకా మన దగ్గర మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తర ముఖం మీద పైనుంచి కిందికి జారుతుంది, ఒక్కో బోల్టు నీడ నిలువు గీతలా పడుతుంది. కాకపోతే మే నెల ఎండలో ఆ బండ దగ్గర నిలబడటం ప్రమాదం. జూన్ చివర్లో, జులైలో వాన తెరిపిచ్చిన రోజు చూసుకోండి. గాలి కడిగినట్టుంటుంది, దూరం స్పష్టంగా కనబడుతుంది. బండ ఆరిందో లేదో చూడండి. తడి బండ మెరిసి అన్నిటినీ మింగేస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ కొంతవరకు కాపాడుతుంది.

మబ్బు రోజున ఏం చేయాలి? రూట్ మొత్తం ఫోటో మానేసి బోల్టుల దగ్గరి ఫోటోలు తీయండి. తుప్పు రంగు మబ్బులో నిజంగా ఉన్నట్టు వస్తుంది.

ఇంకో జాగ్రత్త. వరి కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో నల్గొండ వైపు పొగ తెర కమ్ముతుంది. ఎండ ముదిరాక పొలాల మీద నుంచి వేడిగాలి అలలు లేస్తాయి. టెలి లెన్స్‌లో బండ వణుకుతున్నట్టు కనబడితే మీ ఫోకస్ తప్పు కాదు, గాలి వేడెక్కింది. ఇంకో రోజు రండి.

4. ఎక్కడ నిలబడాలి

అందరూ చేసే తప్పు ఇదే: బండ మొదట్లో నిలబడి, ఫోన్ పైకెత్తి తీయడం. అలా తీస్తే కింది మూడు మీటర్లు ఫోటోలో సగం ఆక్రమిస్తాయి, పైన ముప్పై మీటర్లు కుంచించుకుపోతాయి. కింద రెండు మీటర్ల ఎడం, పైన ఎనిమిది మీటర్ల ఎడం ఒకేలా కనబడతాయి. ఆ పైన ఎక్కినవాళ్ల ధైర్యం అంతా ఆ ఫోటోలో పోతుంది. నాకు బాగా బాధ కలిగించే ఫోటోలు ఇవే.

రూట్ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరం వెనక్కి వెళ్లండి. 50 మీటర్ల రూట్‌కు 100 మీటర్లు. ఇంకా దూరమైనా మంచిదే, లెన్స్ ఉంటే. తర్వాత ఎత్తు చూసుకోండి. మన గుట్టలు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతాయి, కింద చేలో నుంచి చూస్తే ఆ పై భాగం అసలు కనబడదు. ఎదురుగా ఇంకో గుట్ట, చెరువు కట్ట, గుడి మెట్లు, ఎవరిదైనా డాబా, ఏది దొరికితే అది ఎక్కండి. రూట్ మధ్య భాగానికి మీ కన్ను సమానంగా ఉండే చోటు అన్నిటికంటే మంచిది. బండకు ఎదురుగా నిలబడాలి. పక్క నుంచి తీస్తే వాలు బాగా తెలుస్తుంది కానీ దూరాలు తప్పుతాయి. పక్క నుంచి ఒకటి అదనంగా తీసుకోండి, అసలు ఫోటో మాత్రం ఎదురు నుంచే.

5. రూట్ మొత్తం ఒకే ఫోటోలో

కెమెరా నిలువుగా పెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో 100 మీటర్ల దూరం నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర జూమ్ ఉంటే ఫ్రేమ్‌లో 60 మీటర్ల నిలువు పడుతుంది. పైనా కిందా కాస్త జాగా మిగులుతుంది. చిన్న సెన్సర్ కెమెరా అయితే 40 దగ్గర పెట్టండి.

ఎఫ్8, ఐఎస్ఓ 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. రా ఫైల్‌లో (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి. ఎండ పడిన గ్రానైట్ తెల్లగా కాలిపోతుంది, అందుకని ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తక్కువ ఉంచండి. సెట్టింగుల గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

6. ముక్కలుగా తీసి అతికించడం

ఒక్క ఫోటోతో ఎందుకు సరిపోదో లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో నిలువు 6000 పిక్సెళ్లు. అందులో 60 మీటర్ల బండ పట్టించారు. అంటే మీటరుకు 100 పిక్సెళ్లు, సెంటీమీటరుకు ఒకటి. హ్యాంగర్ నాలుగైదు సెంటీమీటర్లుంటే ఫోటోలో నాలుగైదు చుక్కలు. ఫోన్ మామూలు లెన్స్‌తో అయితే ఒక్క చుక్క.

అదే చోటు నుంచి జూమ్ 200కు పెట్టండి. ఇప్పుడు ఒక్కో ఫ్రేమ్‌లో 18 మీటర్లే పడతాయి, హ్యాంగర్‌కు పదిహేను పిక్సెళ్లు దొరుకుతాయి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఫ్రేమ్‌కు మూడో వంతు పాత ఫ్రేమ్ కలిసేలా పైకి పోండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ మాన్యువల్‌లో బిగించండి, లేదంటే అతుకు దగ్గర రంగు మారుతుంది. మొత్తం పని ఐదు నిమిషాల్లో పూర్తి కావాలి. నీడ కదులుతూ ఉంటుంది.

ఫోన్ ఒక్కటే ఉంటే 3 రెట్ల లెన్స్‌తో ఇదే పద్ధతి. వేలితో సాగదీసే జూమ్ వద్దు, అది కొత్త వివరాన్ని తేదు.

7. ఒక్కో బోల్టుకు దగ్గరి ఫోటో

తాడు మీద దిగే అనుభవం లేకపోతే ఈ అంకం వదిలేయండి. 6వ అంకంలో తీసిన ఫోటోలే విలువైనవి.

అనుభవం ఉన్నవాళ్లు కూడా: ఫోటో తీయబోయే బోల్టుకు మీరు వేలాడకూడదు. పాతకాలపు బోల్టులు చాలావరకు సన్నవి, 6 లేదా 8 మిల్లీమీటర్లవి. ఇప్పుడు సాధారణంగా వేసే 10, 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ వాటితో పోల్చలేం. పైకి కనబడే హ్యాంగర్ బాగానే ఉండి, రంధ్రం లోపలి మేకు తుప్పుతో తినేసి ఉండొచ్చు. అది ఏ ఫోటోలోనూ కనబడదు. పైన వేరే యాంకర్ (తాడు కట్టే ఆధారం) ఉండాలి, ఒకటి కాదు, కనీసం రెండు. గుండుకు తాడు చుడుతుంటే ఆ గుండు బండ మీద ఊరికే కూర్చుందా, లోపలికి దిగి ఉందా చూడండి. మన గుట్టల మీద ఇంటంత గుండ్లు కూడా చిన్న ఆధారం మీద నిలబడి ఉంటాయి. తాడు చివర ముడి వేయండి. కెమెరాకు వేరే చిన్న తాడు కట్టండి. కింద ఎవరూ నిలబడకూడదు.

దిగేముందు తాడుకు మీటరుకొక రంగు టేపు చుట్టుకోండి. ప్రతి బోల్టు దగ్గర తాడు, టేపు గుర్తు, బోల్టు మూడూ పడేలా ఒక ఫోటో తీస్తే బోల్టుల మధ్య దూరం దానంతటదే రికార్డు అవుతుంది. విడిగా కొలవక్కర్లేదు.

ఆ తర్వాత ప్రతి బోల్టుకు మూడు ఫోటోలు. ఎదురు నుంచి ఒకటి, దర్జీ టేపు పక్కన పెట్టి. పక్క నుంచి ఒకటి: హ్యాంగర్‌కు, బండకు మధ్య సందు ఉందా, మేకు వంగిందా అన్నది ఇందులోనే తెలుస్తుంది. మూడోది చేయి చాచినంత దూరం వెనక్కి జరిగి, చుట్టూ బండతో. ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే ఇంటికొచ్చాక ఏది మూడో బోల్టో, ఏది నాలుగోదో తేల్చుకోలేరు.

హ్యాంగర్‌ను దగ్గరగా చూస్తే చాలా సంగతులు దొరుకుతాయి. ఇనుప పట్టీని వంచి, రంధ్రం పొడిచి చేసినదైతే అంచు మీద రంపం గీతలుంటాయి. ఫ్యాక్టరీదైతే అచ్చు ముద్ర ఉంటుంది. తుప్పు పొర కింద అక్షరాలు లీలగా కనిపిస్తే ఫోన్ టార్చిని పక్క నుంచి, బండకు ఆనించి వెలిగించి తీయండి. గీకొద్దు. నీళ్లు పోసి తోమొద్దు. సుత్తితో తట్టి చూడొద్దు, లాగి చూడొద్దు. ఇప్పుడు ఎలా ఉందో అలాగే రావాలి.

8. మనిషి ఉన్న ఫోటో ఒకటి

బండ ఎంత పెద్దదో మనిషి ఉంటేనే తెలుస్తుంది. పాత బోల్టుల మీద లీడ్ (కింది నుంచి తాడును బోల్టులకు తగిలించుకుంటూ ఎక్కడం) చేయించొద్దు. పైన యాంకర్‌కు కట్టిన తాడు, అంటే టాప్ రోప్ వేసి, రెండు బోల్టుల మధ్య ఖాళీలో సరిగ్గా నడుమ ఉన్నప్పుడు ఆగమనండి. ఎరుపు, పసుపు చొక్కా వేసుకోమనండి. బూడిద, తెలుపు, ఖాకీ బండలో కలిసిపోతాయి. ఇదీ 4వ అంకంలో చెప్పిన దూరపు చోటు నుంచే తీయండి. ఫోటో కింద "టాప్ రోప్ మీద" అని రాయడం మర్చిపోవద్దు, లేకపోతే చూసినవాళ్లు ఆ బోల్టులను నమ్మి ఎక్కారనుకుంటారు.

9. గుట్ట దిగకముందే సరిచూసుకోండి

- కెమెరా తెరను నూరు శాతం పెద్దది చేసి, కింది నుంచి పైకి బోల్టులు లెక్కపెట్టండి. నోటు పుస్తకంలో ఉన్న సంఖ్య రావాలి. ఒకటి తగ్గినా ఆ ముక్క మళ్లీ తీయండి.
- దూరాలు కొలిచి ఉంటే పోల్చండి. కొలతలో 4 మీటర్లు, 8 మీటర్లు ఉన్న రెండు ఎడాలు ఫోటోలో కూడా ఒకటికి రెండుగా కనబడాలి. పైది బాగా కుంచించుకుపోతే మీరు దగ్గరగానో, తక్కువ ఎత్తులోనో నిలబడ్డారు.
- ఆ గుట్టను ఎప్పుడూ చూడని మనిషికి ఫోటో ఇచ్చి "మొదటి బోల్టు చూపించండి" అనండి. ఎక్కడెక్కడో వెతుకుతుంటే నీడ సరిపోలేదని అర్థం. మళ్లీ 3వ అంకానికి పోవాలి.

10. గీత గీయడం, పేరు పెట్టడం

అసలు ఫైల్ మీద ఎప్పుడూ గీయొద్దు. కాపీ తీసి దాని మీద గీయండి. గీత రూట్ మీద నుంచి కాకుండా దాని పక్క నుంచి పోవాలి, లేదంటే మీరు ఇంత కష్టపడి తెచ్చిన నీడలను మీ గీతే కప్పేస్తుంది. బోల్టు ఉంటే నిండు చుక్క, హ్యాంగర్ లేని మేకు ఉంటే ఖాళీ సున్నా, ఉత్త రంధ్రం అయితే ఇంటూ. కింది నుంచి అంకెలు వేయండి. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ కొంచెం పెంచండి, చాలు. తుప్పు రంగును ఎక్కువ చేస్తే బోల్టు వయసు గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఫైల్ పేరులో గుట్ట పేరు, ముఖం దిక్కు, తేదీ, గంట ఉండాలి. రూట్ ఎవరు, ఎప్పుడు వేశారో కచ్చితంగా తెలిస్తేనే రాయండి. విన్న మాటైతే "ఫలానా వారు చెప్పగా" అని వాళ్ల అనుమతితో రాయండి. నలుగురికీ పంపే ప్రతి కాపీ కింద ఈ మాదిరిగా వివరం ఉండాలి:

"దక్షిణ ముఖం. ఎత్తు సుమారు 45 మీటర్లు. బోల్టులు 5, హ్యాంగర్ లేని మేకు 1. అతి పెద్ద ఎడం 3, 4 బోల్టుల మధ్య, 9 మీటర్లు. ఎదురు గుట్ట నుంచి, 12 ఫ్రేములు అతికించినది. బోల్టులు పాతవి, వాటి బలం పరీక్షించలేదు, వాటి మీద ఎక్కవద్దు."